మచ్చకు తగలని కుట్టు

లియోన్ నగరంలో క్రువా-రూస్ కొండ మెట్లెక్కి, ఒక పాత ఇంటి నాలుగో అంతస్తుకి వెళ్తే ఫిలోమెన్ బెర్జా కుట్టుగది. పూర్వం మగ్గాల కోసం కట్టిన ఇల్లు కావడంతో కప్పు చాలా ఎత్తుగా, కిటికీలు నిలువునా పొడుగ్గా ఉండేవి. మగ్గాలు ఎప్పుడో పోయాయి. వెలుతురు మాత్రం మిగిలింది. ఆ వెలుతురు కోసమే పెద్దింటి ఆడవాళ్ళు అన్ని మెట్లెక్కి వస్తారని ఫిలోమెన్ అనుకునేది. కాదు, ఎవరి కంటా పడరు కాబట్టి వస్తారని ఆమెతో పాతికేళ్ళుగా కలిసి కుడుతున్న మారియెత్ అనేది.

పైన వేసుకునే గౌన్లకి ఊళ్ళో పెద్ద పెద్ద దర్జీలున్నారు. లోపల వేసుకునేవాటికి ఫిలోమెన్. పట్టు స్లిప్పులు, బాడీలు, లేసు వేసిన రాత్రి గౌన్లు, పెళ్ళికూతుళ్ళ పెట్టెలోకి వెళ్ళే డజన్ల కొద్దీ లోదుస్తులు. యాభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, తెర వెనక ఎంతమంది ఒళ్ళు చూసిందో లెక్కలేదు. ఏ మదామ్‌కి ఒక భుజం కిందికి ఉంటుందో, ఎవరు మళ్ళీ నెల తప్పారో, ఎవరి వీపు మీద పిడికిలి గుర్తులు ఉన్నాయో ఆమెకి మొగుళ్ళకంటే ముందే తెలిసేది. చూసినవన్నీ అక్కడే వదిలేసి, టేపు మెడకి చుట్టుకుని తెర బయటికి వచ్చేది.

ఒక మార్చి నెలలో బ్లాందిన్ గొనార్ రాత్రి గౌను సరిచూసుకోవడానికి వచ్చింది. ఐనే పేటలో పట్టు వ్యాపారం చేసే రెజిస్ గొనార్ భార్య. ముప్ఫై నాలుగేళ్ళది, ఇద్దరు పిల్లల తల్లి, గలగలా మాట్లాడుతుంది. వెంట అత్తగారు పెద్ద మదామ్ గొనార్ కూడా వచ్చి, తెర ఇవతల కుర్చీలో గొడుగు పట్టుకుని నిటారుగా కూర్చుంది.

గౌను పీచు పండు రంగు పట్టు. ఎద మీద కలే ఊరి నుంచి తెప్పించిన లేసు. గుడ్డ మొత్తం క్రాసుగా కోసింది. పట్టుని నిలువు పోగు వెంట కోస్తే ఎలా కుడితే అలా నిలబడుతుంది. క్రాసుగా కోస్తే మాత్రం నీళ్ళలా జారి ఒంటికి అతుక్కుంటుంది. తుంటి మీద చెయ్యి వేసినంత మెత్తగా పడుతుంది, కానీ ఒంట్లో ఉన్నది ఉన్నట్టు చూపించేస్తుంది. అందుకే సరిచూసేటప్పుడు ఫిలోమెన్ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, ఊపిరి కూడా చిన్నగా తీసుకునేది.

ఎడమ వైపు లేసు సరిగ్గా కూర్చోలేదు. సూదులు తీసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే ముడత. తన కోతే తప్పేమోనని అంచుల్ని కుడి వైపుతో పోల్చి చూసింది. కోత సరిగ్గానే ఉంది.

"చెయ్యెత్తండి మదామ్... ఇప్పుడు దించండి. మళ్ళీ ఎత్తండి."

"ఏమిటి మద్మొజెల్, ఇవాళ నాతో కవాతు చేయిస్తున్నారా?" అని బ్లాందిన్ నవ్వింది.

చెయ్యెత్తినప్పుడల్లా లేసు కింద చర్మం ఒకచోట లోపలికి పోతోంది. లోపల్నుంచి ఎవరో దారం పట్టి లాగుతున్నట్టు చిన్న గుంట పడుతోంది. ఫిలోమెన్ లేసుని సర్దుతున్నట్టుగా బొటనవేలు ఆనించింది. గట్టిగా, గులకరాయిలా తగిలింది. పక్కకి జరగలేదు.

అలాంటి గుంటని ఆమె ఇంతకుముందు ఒక్కసారే చూసింది, అక్క అగాత్‌కి స్నానం చేయించినప్పుడు. అప్పటికి అగాత్ దాన్ని రెండేళ్ళుగా శాలువా కింద దాచుకుని తిరిగింది. వాసన మొదలయ్యాకే ఇంట్లోవాళ్ళకి తెలిసింది.

ఫిలోమెన్ పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది. నోరు ఖాళీ అయ్యాక, మెల్లగా అంది: "మదామ్, ఏమీ అనుకోకండి. ఇక్కడ ఎడమ వైపు లోపలికి లాగుతోంది. చేతికి గట్టిగా తగులుతోంది. డాక్టరుకి చూపించుకోండి. ఈ వారమే చూపించుకోండి."

బ్లాందిన్ మొహంలో నవ్వు ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది, దాన్ని తీసేయడం మర్చిపోయినట్టు. "మీ పని కొలతలు తియ్యడం కదా, మద్మొజెల్ బెర్జా?"

"కొలత తీస్తేనే తెలిసిందమ్మా."

"ఏమిటంటోంది?" అని తెర ఇవతల్నుంచి అత్తగారి గొంతు.

బ్లాందిన్ చెప్పేసింది. చిన్నపిల్ల పెద్దవాళ్ళకి పితూరీ చెప్పినట్టు చెప్పింది. భయానికి అలా చెప్పిందని ఫిలోమెన్‌కి అర్థమైంది కానీ, అప్పటికే పెద్ద మదామ్ లేచి నిలబడింది.

"బట్టలు కుట్టేదానివి, జబ్బులు కూడా కుట్టిపెడుతున్నావా? మా ఇంట్లో అలాంటి రోగాలు లేవు, ఎప్పుడూ లేవు. నీ లేసు వంకర పోయింది. పోతే పోయిందని ఒప్పుకో. దానికి మా కోడలి ఒంటిమీద వంక పెడతావా?"

"లేసు వంకర కాదు మదామ్."

"బ్లాందిన్, బట్టలు వేసుకో. ఈ గౌను మనకి అక్కర్లేదు."

వాళ్ళు మెట్లు దిగుతున్న చప్పుడు ఆగాక మారియెత్ ఇస్త్రీపెట్టె దబ్బున పొయ్యి మీద పెట్టింది.

"ఇన్నేళ్ళు నోరు కుట్టేసుకుని బతికావు. ఇవాళే తెరవాల్సొచ్చిందా? అదీ ఆ ముసలిది వింటుండగా!"

"అగాత్‌కి ఎవరూ చెప్పలేదు మారియెత్."

"అగాత్‌కి తెలుసు. అగాత్‌కి తెలుసని నీకూ తెలుసు." అలా అన్నందుకు వెంటనే నొచ్చుకున్నట్టు మారియెత్ గొంతు తగ్గించింది. "సరేలే. అన్నావు, అయిపోయింది. ఆ గౌను తీసి సొరుగులో పడెయ్."

ఆ తర్వాత ఆదివారం ప్రార్థన అయ్యాక ఐనే చర్చి మెట్ల మీద ఏం మాటలు నడిచాయో ఫిలోమెన్‌కి ఎవరూ చెప్పలేదు. ఫలితం మాత్రం తెలిసింది. ఒక మదామ్ కూతురి పెళ్ళి బట్టలు వేరేచోట ఇచ్చింది. ఇంకొకావిడ సగం కుట్టిన స్లిప్పులు అలాగే పంపించమని పనిమనిషిని పంపింది. చివరికి కింద రొట్టెల కొట్టు ఆమె మారియెత్ చెవిలో వేసింది: బెర్జా చేతులు మంచివి కావట, తెర వెనక ఆడవాళ్ళ ఒళ్ళు తడుముతుందట. మారియెత్ ఆ మాట విని రొట్టె అక్కడే వదిలేసి పైకి వచ్చింది. ఆ రోజు వాళ్ళిద్దరూ చారు వట్టిదే తాగారు.

ఎండాకాలం వచ్చేసరికి తెర మడిచి గోడకి ఆనించేశారు. ఒక పెద్ద దుకాణానికి కృత్రిమ పట్టు స్లిప్పులు కుట్టడం మొదలుపెట్టారు. మిషను మీద టకటకా నాలుగు కుట్లు, అంటించినట్టు ఒక లేసు ముక్క. "ఇది గుడ్డా, ఉల్లిపొరా?" అని మారియెత్ రోజూ తిట్టేది. తిడుతూనే కుట్టేది.

మరుసటి ఏడాది శరత్కాలంలో సోన్ నది మీంచి పొగమంచు కొండ మీదికి ఎగబాకుతున్న ఒక మధ్యాహ్నం, తలుపు చప్పుడైంది. బ్లాందిన్ గొనార్. ఒంటరిగా వచ్చింది. నల్లకోటు ఆమెకి రెండు కొలతలు పెద్దదైపోయింది. నాలుగంతస్తులు ఎక్కిన ఆయాసం తగ్గేదాకా తలుపు పట్టుకుని నిలబడింది. ఎడమ చెయ్యి బొచ్చు తొడుగులో దాచుకుంది.

"తెర ఎక్కడ?" అని అడిగింది.

ఫిలోమెన్ తెర తెచ్చి విప్పింది.

బ్లాందిన్ కుడి చేత్తో ఒక్కొక్క గుండీ విప్పుకుంది. సాయం పట్టబోతే వద్దంది. ఎడమ వైపు ఏమీ లేదు. రొమ్మే కాదు, దాని కింది కండ కూడా తీసేశారు. పక్కటెముకల మీద పలచటి చర్మం బిగించి కుట్టినట్టుంది. భుజం కింద నుంచి పక్కదాకా ఊదారంగు మచ్చ ఏటవాలుగా దిగింది. తొడుగులోంచి బయటికి తీసిన చెయ్యి మోచేతి దాకా వాచి, నీళ్ళు నింపినట్టుంది.

వంటగది గుమ్మంలో నిలబడ్డ మారియెత్ ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు ఎందుకో గట్టిగా చప్పుడయ్యాయి.

"మీరు చెప్పాక కూడా వేసవి అంతా ఆగాను," అంది బ్లాందిన్. "మా అత్తగారు అవిసెగింజల పట్టు వేసేవారు. ఫుర్వియేర్ కొండ మీది మేరీమాతకి తొమ్మిదేసి రోజుల నొవేనా ప్రార్థనలు చేయించారు. డాక్టరు అంటే నలుగురికీ తెలుస్తుందని ఆవిడ భయం. నా భయం వేరే. వెళ్తే మీరన్నది నిజమైపోతుందని. పోయినేడాది ఆగస్టులోనే పుండు పడింది. రాచపుండు అన్నారు. సెప్టెంబరులో కోశారు."

ఫిలోమెన్ మచ్చని చూస్తోంది, కానీ దయగా కాదు. గుడ్డని చూసినట్టు చూస్తోంది. ఆ చూపుకి బ్లాందిన్ భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"ఎక్కడ నొప్పి? తాకితేనా, రాసుకుంటేనా?"

"రాసుకుంటే. కుట్టు ఏది తగిలినా మండుతుంది. పాత స్లిప్పులన్నీ తిరగేసి వేసుకుంటున్నాను."

"ఏం కుట్టమంటారు?"

బ్లాందిన్ పొయ్యి వైపు చూస్తూ అంది: "పగటి బట్టలకి ఎవరైనా దూది కుక్కి ఇస్తారు. నాకు రాత్రి గౌను కావాలి. పట్టుది, లేసుది. రెజిస్ చదువుకునే గదిలో పడుకుంటున్నాడు. రోజూ రాత్రి గుమ్మం దాకా వస్తాడు, దీపానికి శుభరాత్రి చెప్పి వెళ్ళిపోతాడు. చెడ్డవాడు కాడు మద్మొజెల్. కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక దీపం వైపు చూస్తాడు. నేను మోసం చెయ్యాలనుకోవడం లేదు. ఆ కళ్ళు నామీద నిలబడటానికి ఒక చోటు కావాలి. అంతే."

"మీ గుడ్డే ఉంది," అంది ఫిలోమెన్. "సొరుగులో పెట్టాను."

మొదట అందరూ చేసేదే చేసి చూసింది. పట్టు జాలీతో చిన్న సంచి కుట్టి, ఊళ్ళో మగ్గాల దగ్గర మిగిలే పట్టు దూది నింపి, కుడి వైపు ఆకారానికి సరిపోయేలా బరువు చూసి లోపల అమర్చింది. నిలబడితే బాగానే ఉంది. పడుకుని చూడమంది. బ్లాందిన్ గుడ్డలు కోసే బల్ల మీద వెల్లకిలా పడుకుంది. సంచి మెల్లగా జారి మెడ కింది ఎముక దగ్గరికి చేరింది.

బ్లాందిన్ గడ్డం వంచి చూసుకుంది. "ఇది నాకంటే ముందే స్వర్గానికి బయల్దేరింది," అంది. నవ్వింది, ఆ నవ్వు ఆపుకోలేక దగ్గింది, దగ్గుతూ ఏడ్చింది. అప్పుడు మారియెత్ వంటగదిలోంచి వచ్చి, ఆమె తల కింద మడిచిన దుప్పటి పెట్టి, "లేవకండి, లేవకండి, కాఫీ పెడుతున్నా" అంది. ఆ ఇంట్లో కాఫీ అంటే సగం చికోరీయే. దాన్ని మారియెత్ ఆ రోజు పింగాణీ కప్పులో పోసింది.

"లేసు వెనక పట్టు కత్తిరించకుండా ఉంచేస్తే సరిపోదా?" అని బ్లాందిన్ వెళ్ళాక మారియెత్ అడిగింది. లేసు వేసే పద్ధతి అది: ముందు లేసుని పట్టు మీద పరిచి, దాని పూల అంచు వెంబడే సన్నటి కుట్టు వేసి, తర్వాత వెనక ఉన్న పట్టుని జాగ్రత్తగా కత్తిరించేస్తారు. అప్పుడు లేసులోంచి ఒళ్ళు కనిపిస్తుంది.

"ఒక వైపు ఒళ్ళు కనిపించి రెండో వైపు కనిపించకపోతే, చూసేవాడి కన్ను నేరుగా అక్కడికే పోతుంది."

"రెండు వైపులా ఉంచెయ్ మరి."

"అప్పుడది లేసు కాదు, టేబుల్ గుడ్డ."

దుకాణం వాళ్ళ స్లిప్పులు పక్కన పడేసి ఫిలోమెన్ చాలా రోజులు దానిమీదే కూర్చుంది. పాత గౌను కచ్చా కుట్లన్నీ విప్పేసింది. లేసుని రెండు వైపులా సమంగా పరిచే అలవాటే వదిలేసింది. కుడి భుజం దగ్గర మొదలుపెట్టి, ఒక తీగలా ఏటవాలుగా ఎద మీదుగా ఎడమ చంక కిందికి, అక్కడి నుంచి నడుముకి, తుంటికి దించింది. కుడి భుజం మీద, వీపు మీద, నడుము ఒంపులో వెనక పట్టు కత్తిరించేసింది. అక్కడ ఒళ్ళు ఆకుల మధ్య ఎండలా కనిపిస్తుంది. ఎడమ వైపుకి వస్తున్నకొద్దీ లేసులోంచి విడి ఆకులు, పూలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి కుట్టింది. పలచన ఎక్కడ అయిపోయి ఒత్తు ఎక్కడ మొదలైందో వేలితో కూడా చెప్పలేనంత మెల్లగా చిక్కబరిచింది. దాని కింద దూది లేదు, ఆకారం లేదు. ఎడమ భుజం మీద పట్టుని సన్నటి కుచ్చులుగా పోగుచేసి కిందికి వదిలేసింది. అది ఎక్కడా ఒంటికి ఆనకుండా వేలాడుతుంది, పడుకుంటే మెత్తగా వాలుతుంది. వాచిన చేతికి మాత్రం లేసుతో రెక్కలాంటి వదులు చెయ్యి పెట్టింది.

కుట్ల సంగతి ఆఖరున తేల్చుకుంది. మంచి లోదుస్తుల్లో కుట్టు లోపలికి మడిచి పెడతారు, బయటికి నున్నగా ఉండాలని. ఫిలోమెన్ ఆ గౌనులో కుట్లన్నీ బయటికి తిప్పింది. లోపలి వైపు నున్నగా చేసి, బయటికి వచ్చిన మడతల మీద లేసు తీగని నడిపించి కప్పేసింది. ఒంటికి తగిలే వైపు ఒక్క ముడి లేదు.

మారియెత్ వేళ్ళ కొసలు తడి చేసుకుని కింది అంచు దారం మందాన చుట్టి కుట్టింది. ఆ పని ఫిలోమెన్‌కంటే ఆమెకే బాగా వచ్చు. "తిరగేసిన గౌను కుడుతున్నాం, పిచ్చివాళ్ళలాగా," అని గొణిగింది. "మా అమ్మ చూస్తే చెవి మెలిపెట్టేది." కుట్టడం అయ్యాక ఆ అంచుని పెదాలకి ఆనించి, ఎక్కడైనా గరుకు తగులుతుందేమోనని చుట్టూ చూసింది.

గౌను తొడుక్కుని బ్లాందిన్ అద్దం ముందు చాలాసేపు నిలబడింది. పడుకుంది, లేచింది, చెయ్యి ఎత్తగలిగినంత ఎత్తింది. "ఏమీ తగలడం లేదు," అంది. గౌను బాగుందని గాని, బాగాలేదని గాని అనలేదు. దాన్ని కాగితంలో చుట్టి, కుడి చంకలో పెట్టుకుని దిగి వెళ్ళింది.

డిసెంబరు ఎనిమిదిన ఊరంతా కిటికీల్లో దీపాలు పెట్టుకున్న పండగ అయిపోయాక మళ్ళీ వచ్చింది. రెజిస్ మాట తనే ఎత్తింది.

"వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగలేదు, లోపలికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. చూశాడు. నిజంగానే చూశాడు మద్మొజెల్, భుజం దగ్గర నుంచి కింది దాకా. లేసు మీద వేలు కూడా పెట్టాడు. తర్వాత, 'నీకు చలేస్తుందేమో' అని దుప్పటి నా మెడదాకా లాగి కప్పేశాడు."

మారియెత్ చేతిలో పని బల్ల మీద పెట్టేసింది.

"ఆ దుప్పటి అంచు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఏడ్చాడో లేదో నాకు తెలీదు, దీపం ఆర్పేశాడు." బ్లాందిన్ పొయ్యి దగ్గరికి కుర్చీ జరుపుకుంది. "ఇప్పుడు రోజూ అదే వేసుకుని పడుకుంటున్నాను. నాకే. ఇంట్లో నన్ను గుచ్చనిది అదొక్కటే."

ఆ చలికాలం ఆమె వారానికి రెండు మూడుసార్లు వచ్చి కూర్చునేది. ఇంట్లో అందరూ తనతో గుసగుసగా మాట్లాడుతున్నారనీ, ఇక్కడ మారియెత్ అరుస్తుంటే హాయిగా ఉందనీ అనేది. ఊరికే కూర్చోవడం ఎందుకని ఒకరోజు ఫిలోమెన్ చిన్న కత్తెర చేతికిచ్చి, లేసు వెనక పట్టు ఎలా కత్తిరించాలో చూపించింది. పని ఒళ్ళో పెట్టుకుంటే కుడి చెయ్యి ఒక్కటి చాలు. కత్తెర మొనని పట్టుకీ లేసుకీ మధ్య పోనిచ్చి, కుట్టుకి వెంట్రుకవాసి దూరంలో నడపాలి. ఒక్క పోగు తెగితే పువ్వంతా ఊడిపోతుంది. మొదటి రోజే ఒక ఆకు కోసేసింది.

"శుభం," అంది మారియెత్. "గొనార్ వారి కోడలు మా దుకాణం ముంచడానికి రెండోసారి వచ్చింది."

ఫిలోమెన్ మారియెత్ వైపు గుడ్లురిమి చూసింది. బ్లాందిన్ మాత్రం కత్తెర ఒళ్ళో పడేసి, చాలా రోజుల తర్వాత మనస్ఫూర్తిగా నవ్వింది. నవ్వాక అంది: "చర్చి దగ్గర ఆ మాటలు అన్నది మా అత్తగారు. పక్కన నిలబడి ఊరుకున్నది నేను."

"తెలుసు," అంది ఫిలోమెన్. "అటు అంచు చూసుకోండి, మళ్ళీ కుట్టు దగ్గరికి పోతున్నారు."

లెంటు ఉపవాసాలకి ముందు మంగళవారం మారియెత్ నూనెలో వేయించి చక్కెర చల్లిన బూన్యులు పళ్ళెం నిండా చేసింది. బ్లాందిన్ ఒకటి తీసుకుని చేత్తో పట్టుకుని కూర్చుంది, తినలేదు. నడుము నొప్పి అంది. చలికి అంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగింది. ఆ తర్వాత రాలేదు.

రెండు వారాలు చూసి ఫిలోమెన్ తనే ఐనే పేటకి వెళ్ళింది. పనిమనుషుల తలుపు దగ్గర నిలబడింది. పెద్ద మదామ్ గొనార్ స్వయంగా తలుపు తీసింది. గొడుగు లేదు, చేతి తొడుగులు లేవు. ఎన్నడూ చూడని రెండు ముడతల చేతులు మాత్రం ఉన్నాయి.

"నిన్నే అడుగుతోంది," అంది. "జబ్బు వెన్నులోకి దిగింది. డాక్టరు ఇంకేం చెప్పడం లేదు. సూది దారం తెచ్చావా?"

"ఎప్పుడూ నా దగ్గరే ఉంటాయి మదామ్."

మిట్టమధ్యాహ్నం అయినా మంచుకి గది మసగ్గా ఉంది. బ్లాందిన్ మంచం మీద ఆ గౌనులోనే ఉంది. గౌను ఆమెని దాటిపోయి పరుపు మీద పడి ఉంది; కింద మనిషి ఉన్న చోట మాత్రం కొంచెం ఎత్తుగా ఉంది.

"చుట్టుకుపోతోంది," అంది బ్లాందిన్. "పక్కకి తిప్పినప్పుడల్లా కిందకి పోగుపడి నొక్కుకుంటోంది. కొంచెం బిగించండి."

ఫిలోమెన్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. లేవలేని మనిషి ఒంటిమీద గుడ్డ సరిచెయ్యడం ఆమెకి కొత్త. పెద్ద మదామ్ దీపం తెచ్చి పట్టుకుని నిలబడింది. ఫిలోమెన్ పక్కల కుట్లు కొంచెం కొంచెంగా పట్టి, బయటికే మడిచి సూదులు పెట్టింది.

"కొయ్యడం లేదమ్మా, మడిచి కుడుతున్నాను. మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు."

బ్లాందిన్ కళ్ళు తెరిచి ఆమె వైపు చూసింది. "మీకు అబద్ధం రాదు మద్మొజెల్ బెర్జా. కోసెయ్యండి. మడత ఉంటే గుచ్చుకుంటుంది."

ఫిలోమెన్ కత్తెర తీసింది. పట్టు తెగుతున్న చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. పీచురంగు ముక్కలు రెండు నేల మీద పడ్డాయి. పెద్ద మదామ్ వాటిని చూస్తూ ఉండిపోయింది. కుట్టు సగం అయ్యాక గుసగుసగా అడిగింది: "ఆ మార్చిలోనే వెళ్ళి ఉంటే? నువ్వు చెప్పినప్పుడే వెళ్ళి ఉంటే బతికేదా?"

ఆ ముసలామెకి ఏ జవాబు కావాలో ఫిలోమెన్‌కి తెలుసు. "లేదు మదామ్, అప్పటికే ఆలస్యమైంది" అనడానికి ఎంతోసేపు పట్టదు. ఎండాకాలమంతా మడిచి గోడకి ఆనించిన తెర గుర్తొచ్చింది. అవిసెగింజల పట్టు గుర్తొచ్చింది.

"దీపం కదపకండి మదామ్," అంది. "కుట్టు కనిపించడం లేదు."

అప్పుడు బ్లాందిన్ కళ్ళు మూసుకునే, "అత్తయ్యా," అంది, "చెయ్యి లాగుతుంటే బల్ల మీద పెట్టండి. ఇటు వచ్చి కూర్చోండి."

పెద్ద మదామ్ దీపం బల్ల మీద పెట్టి, మంచానికి రెండో వైపు కూర్చుని, కోడలి వాచిన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఫిలోమెన్ మిగతా కుట్టు పూర్తిచేసి, దారం పళ్ళతో కొరికి, నేల మీది ముక్కలు ఏరుకుని వచ్చేసింది.

ఈస్టరుకి ముందు వారంలో బ్లాందిన్ పోయింది. మెడదాకా గుండీలున్న నల్లగౌను వేసి పడుకోబెట్టారని పనిమనిషి చెప్పింది. రాత్రి గౌను తీసేయబోతే రెజిస్ గొనార్ తీయనివ్వలేదట. నల్లగౌను దానిమీదే తొడిగారట. చర్చిలో ఫిలోమెన్, మారియెత్ వెనక వరసలో నిలబడ్డారు. శవపేటిక వెనక నడుస్తూ రెజిస్ వాళ్ళ దగ్గర ఒక క్షణం ఆగాడు. ఫిలోమెన్ మొహం వైపు కాక, చేతుల వైపు చూశాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

"కనీసం ఒక కృతజ్ఞత మాటన్నా అనొచ్చు," అంది మారియెత్ మెట్లెక్కుతూ. రెండు మెట్లెక్కాక, "ఏమంటాడులే, పాపం," అంది.

పాత మదామ్‌లు కొందరు మెల్లగా మళ్ళీ రావడం మొదలుపెట్టారు. ఎందుకు మానేశారో వాళ్ళు చెప్పలేదు, ఎందుకొచ్చారో ఫిలోమెన్ అడగలేదు. తెర మళ్ళీ విప్పారు. వచ్చినవాళ్ళలో కొందరికి కొత్త స్లిప్పు అవసరం లేదని చూడగానే తెలిసిపోయేది. ఆమె లేసు సర్దుతుంటే ఊపిరి బిగబట్టి, కిటికీ వైపు చూస్తూ నిలబడేవారు. ఏమీ లేకపోతే ఆమె మామూలుగా పొడవెంత, చేతులెంత అని అడిగేది. ఆ మాట వినగానే వాళ్ళ మొహాల్లోకి రక్తం తిరిగొచ్చేది. ఒకావిడ విషయంలో మాత్రం సూదులు నోట్లోంచి తీసి దిండుకి గుచ్చాల్సొచ్చింది. ఆవిడ మర్నాడే ఆసుపత్రికి వెళ్ళింది. తర్వాత ఆవిడ కబురు మాత్రం ఏదీ రాలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం పెద్ద మదామ్ గొనార్ వచ్చింది. ఒంటరిగా, నల్లబట్టల్లో, అన్ని మెట్లూ ఎక్కి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నేరుగా తెర వెనక్కి నడిచింది. ఈ కాలంలో ఎవరూ వేసుకోని గట్టి కోర్సెట్ ఒకటి ఒంటికి బిగించుకుని ఉంది. దాని తాళ్ళు విప్పడం ఆమెకి చేతకాలేదు, ఫిలోమెన్ విప్పింది.

"చూడు," అంది ముసలామె.

"కొలతలా మదామ్?"

"బ్లాందిన్‌ని చూసినట్టు చూడు."

ఫిలోమెన్ చేతులు రెండూ ఒకదానితో ఒకటి రుద్దుకుని వేడి చేసుకుంది. చూసింది. చెయ్యెత్తమంది, దించమంది. డెబ్భై దాటిన ఒళ్ళు. జారిపోయి, ముడతలుపడి, లోపల మెత్తగా, ఏ తేడా లేకుండా ఉంది.

"ఏమీ లేదు మదామ్."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

"రెండో వైపు?"

"అక్కడా లేదు."

పెద్ద మదామ్ తన ఎద వైపు చూసుకుంది. "నాకు డెబ్భై ఒకటి. దానికి ముప్ఫై ఆరే," అంది, ఎవరితోనో వాదిస్తున్నట్టు. ఫిలోమెన్ వెనక నిలబడి కోర్సెట్ తాళ్ళు ఒక్కొక్క కన్నంలోంచీ లాగి మళ్ళీ బిగించింది. మరీ గట్టిగా కాకుండా బిగించింది.

గుమ్మం దాకా వెళ్ళి ముసలామె ఆగింది. తిరక్కుండానే అడిగింది: "వచ్చే నెల మళ్ళీ రావచ్చా?"

"రండి," అంది ఫిలోమెన్.